1967 మార్చి కారు, ఫిబ్రవరి ఇనుము

ఎడిసన్ పేరు వినగానే న్యూజెర్సీ తెలుగువాళ్లకు ఓక్ ట్రీ రోడ్డు మీది కిరాణా దుకాణాలు, చీరల షాపులు, టిఫిన్ హోటళ్లు గుర్తుకొస్తాయి. అదే ఊరి పరిధిలో, రూట్ 1 పక్కన, 1948 నుంచి 2004 దాకా ఫోర్డ్ కంపెనీ కార్ల ఫ్యాక్టరీ ఒకటి నడిచిందనీ, పొరుగూరు మెటచెన్ పేరుతో పిలిచే ఆ ఫ్యాక్టరీ నుంచే అరవైల్లో మస్టాంగ్ కార్లు వరుసగా బయటికి వచ్చేవనీ మనవాళ్లలో తెలిసినవారు తక్కువ. తొంభైల చివర్లో నేను ఉద్యోగం కోసం ఆ ఊరు చేరేనాటికి అక్కడ రేంజర్ ట్రక్కులు తయారవుతుండేవి. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఆ పొడవాటి షెడ్లను చూసేవాణ్ణి గానీ, అందులో పుట్టిన కారొకటి నా గ్యారేజీకి వస్తుందనీ, దానికి సరైన తేదీలున్న విడిభాగాలు సమకూర్చడం నా జీవితంలో ఇంత చోటు తీసుకుంటుందనీ అప్పట్లో ఊహించలేదు.

ఆ కారు 1967 మోడల్ మస్టాంగ్, రెండు తలుపుల హార్డ్‌టాప్, అంటే మడవడానికి వీల్లేని గట్టి పైకప్పు ఉన్నది. అది అరుదైన కారేమీ కాదు. ఆ ఒక్క మోడల్ సంవత్సరంలోనే ఫోర్డ్ 4,72,121 మస్టాంగులు తయారుచేసింది, వాటిలో 3,56,271 ఇలాంటి హార్డ్‌టాపులే. పెన్సిల్వేనియా సరిహద్దు దగ్గర ఒక పల్లెటూరి షెడ్డులో, గడ్డి మోపుల వెనక అది నిలిచిపోయి ఉండగా చూశాను. బానెట్ ఎత్తి, లోపల మడ్‌గార్డు పై అంచున కొట్టిన నంబరు మీది తుప్పును గుడ్డతో తుడిస్తే 7టి01సి అనే మొదలు కనిపించింది. 7 అంటే 1967 మోడల్, 01 అంటే హార్డ్‌టాప్, సి అంటే 289 ఘనపుటంగుళాల వి8 ఇంజను, రెండు నోళ్ల కార్బ్యురేటర్. మధ్యలో ఉన్న టి అక్షరం మెటచెన్ ఫ్యాక్టరీకి గుర్తు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో తయారైన వాటికి ఎఫ్, కాలిఫోర్నియాలోని శాన్ హోసే వాటికి ఆర్ ఉంటాయి. నేను కాపురముంటున్న ఊళ్లోనే పుట్టిన బండి అని తెలిశాక బేరం ఆడే ఓపిక నాకు లేకపోయింది.

ఇంటికి తెచ్చి చూస్తే, బానెట్ కింద ఉన్న ఇంజను దానిది కాదు. దాని బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన ఇనుప భాగం) మీద పోతపోసిన నంబరు డి అక్షరంతో మొదలైంది, అంటే అది డెబ్బైల నాటి 302 ఘనపుటంగుళాల ఇంజను. మొదటి యజమానులెవరో పాత ఇంజను పాడైతే తీసి పారేసి, దొరికినది బిగించుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు అది రోజూ పనికి వెళ్లే బండి.

ఇక్కడొక సంగతి వివరంగా చెప్పాలి. 1968 మోడళ్ల నుంచి ఫోర్డ్ తన ఇంజన్ల మీద ఆ కారు నంబరును కొంతమేర కొట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు మస్టాంగులలో ఎక్కువ శక్తి గల కె కోడ్ ఇంజన్లకు తప్ప మామూలు 289లకు ఆ గుర్తు ఉండేది కాదు. కాబట్టి 1967 సి కోడ్ కారులో ఫలానా ఇంజను ఫలానా కారుతోనే పుట్టిందని రుజువు చేసే నంబరు ఏదీ లేదు. ఉన్న సాక్ష్యమల్లా ఆ ఇనుము మీద పోతపోసిన తేదీ ఒక్కటే. తేదీలకు నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణం అదే. ఇంజను, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, కార్బ్యురేటర్ వేర్వేరు చోట్ల తయారై, ఒకానొక వారంలో ఎడిసన్‌లో కలుసుకుని ఒక కారయ్యాయి. అసలు భాగాలు పోయిన తరువాత, ఆ కలయికకు అందుబాటులో ఉండగలిగిన భాగాలనే మళ్లీ దాని దగ్గరికి చేర్చడం మనం చేయగలిగిన నిజాయితీ గల పని.

ఫోర్డ్ భాగాలను చదవడం కష్టం కాదు గానీ, కొత్తవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట పొరబడతారు. నేను వెతికిన బ్లాకు నంబరునే తీసుకుందాం: సి6ఏఈ-6015-సి. మొదటి సి అరవైల దశాబ్దం, 6 అంటే 1966, ఏ అంటే గెలాక్సీ వంటి పెద్ద ఫోర్డ్ కార్లు, ఈ అంటే ఇంజను విభాగం, 6015 అంటే సిలిండర్ బ్లాకు, చివరి అక్షరం మార్పుల క్రమం. దీన్ని చూసి చాలామంది అది 1966లో గెలాక్సీ కోసం తయారైన బ్లాకు అనుకుంటారు. కానీ ఆ నంబరు చెప్పేది ఆ నమూనా ఎప్పుడు, ఏ కారు పేర గీశారన్న సంగతి మాత్రమే. అదే నమూనాతో పోసిన బ్లాకు మస్టాంగులోకీ వెళ్లింది, ఫోర్డ్‌దే మరో కారైన ఫెయిర్‌లేన్‌లోకీ వెళ్లింది. దాన్ని ఏ రోజు పోశారో చెప్పేది వేరే చోట ఉన్న చిన్న కోడ్. అందులో ముందు సంవత్సరం చివరి అంకె, తరువాత నెలకొక అక్షరం, ఆపైన తేదీ ఉంటాయి. జనవరి 'ఏ' అక్షరంతో మొదలై డిసెంబరు 'ఎం' అక్షరంతో ముగుస్తుంది. ఒకటి అంకెతో పొరపడకుండా ఐ అక్షరాన్ని వదిలేశారు గనుక ఆగస్టు హెచ్ అయితే సెప్టెంబరు జె అవుతుంది. 6ఎం12 అంటే 1966 డిసెంబరు 12, 7బి14 అంటే 1967 ఫిబ్రవరి 14.

కారు పుట్టిన రోజు తెలియకుండా ఈ తేదీలు వెతికి లాభం లేదు. డ్రైవరు తలుపు మీది పలకలో 17సి అని ఉంది, అంటే మార్చి 17. అయితే ఆ పలక చెప్పేది అనుకున్న తేదీయే గాని అసలు తేదీ కాకపోవచ్చు. అరిజోనాలో కెవిన్ మార్టీ అనే ఆయన 1967 నుంచి మొదలయ్యే ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులను కంపెనీ అనుమతితో భద్రపరిచి, కారు నంబరు పంపిస్తే నివేదిక తయారుచేసి ఇస్తారు. ఆర్డరు ఎప్పుడు వచ్చింది, నంబరు ఎప్పుడు పడింది, కారు నిజంగా ఎప్పుడు పూర్తయింది, ఎప్పుడు అమ్ముడయింది అన్నీ అందులో ఉంటాయి. 1965, 1966 మస్టాంగుల యజమానులకు ఆ భాగ్యం లేదు, ఆయన దగ్గరి రికార్డులు 1967తోనే మొదలవుతాయి. నా కారు 1967 మార్చి 21, మంగళవారం నాడు పూర్తయిందని ఆ కాగితం చెప్పింది. దాన్ని ఫ్రేము కట్టించి గ్యారేజీలో పనిబల్ల పైన తగిలించాను. ఏ భాగం కొనడానికి వెళ్లినా ఆ తేదీయే నాకు హద్దు. మార్చి 21 తరువాత తయారైనది ఏదీ ఆ కారులో ఉండే అవకాశం లేదు. మరి ఎంత ముందుదైతే సరి అన్నదే అసలు ప్రశ్న.

దానికి నాకు బాగా అర్థమయ్యే జవాబు ఇచ్చింది మా వీధి చివర ఇంట్లో ఉండిన ఒక పెద్దాయన. ఇటాలియన్ సంతతివారు, ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారు. మా గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వచ్చేవారు. భాగాలు రైల్లోనూ లారీల్లోనూ వచ్చి పెద్ద పెద్ద ఇనుప బుట్టల్లో దిగేవనీ, బుట్టలో పైన ఉన్నవి ముందు లైను మీదికి వెళ్లేవనీ, అడుగున ఉన్నవి ఖాళీ అయ్యేలోపు పైన మళ్లీ కొత్తవి పడేవనీ ఆయన చెప్పారు. అందుకే ఒకే రోజు లైను దిగిన రెండు కార్లలో ఒకదానికి పది రోజుల కిందటి ఆల్టర్నేటర్, ఇంకొకదానికి మూడు నెలల కిందటిది ఉండడం ఆయనకు వింతగా అనిపించేది కాదు. ఇంజన్ల సంగతి వేరు, అవి చోటు తినే వస్తువులు గనుక ఎక్కువ కాలం నిలవ ఉండేవి కావు. ఆ మాటలు విన్నాక నా హద్దులు నేనే గీసుకున్నాను. బ్లాకుకు, దాని పైన మూతల్లా బిగించే హెడ్లకు జనవరి, ఫిబ్రవరి నెలలు. విద్యుత్ భాగాలకు 1966 చివరి నుంచి. గాజుకు, రేకుకు ఇంకొంచెం వెసులుబాటు. పాత కార్ల పోటీల నిర్ణేతల పుస్తకాల్లో ఇంతకంటే ఉదారమైన లెక్కలు కూడా ఉంటాయి గానీ, లైను మీద నిలబడిన మనిషి మాట మీదే నాకు ఎక్కువ గురి.

నేను పుట్టి పెరిగింది విజయవాడలో. మా నాన్నగారికి ఆటోనగర్‌లో చిన్న లేత్ షెడ్డు ఉండేది. సెలవుల్లో అక్కడ కూర్చుని పెద్దవాళ్లు లారీలను ముక్కలు చేసి మళ్లీ నిలబెట్టడం చూస్తూ పెరిగాను. ఆ లోకంలో ఒక భాగానికి పెట్టే పరీక్ష ఒక్కటే: కొలత సరిపోయిందా, పనిచేసిందా. దొరక్కపోతే చేయడమే. నాన్నగారు కొలిచి, చెక్కి, రాపిడి పెట్టి, సాయంత్రానికి చేతిలో పెట్టేవారు. ఆ భాగం ఎప్పుడు తయారైందని అడిగిన మనిషిని ఆటోనగర్‌లో నేను చూడలేదు. ఆ చదువు నాకు ఎంతో ఉపయోగపడింది, ఇనుమును చూసి భయపడని తనం అక్కడే వచ్చింది. అయితే ఈ కారు దగ్గర మాత్రం, పనిచేయడం అన్నది మొదటి మెట్టు, అక్కడి నుంచే అసలు వెతుకులాట మొదలయింది.

ఆ రోజుల్లో వెతుకులాట అంటే ప్రతి నెలా హెమ్మింగ్స్ మోటార్ న్యూస్ పత్రికను చిన్న ప్రకటనలతో సహా మొదటి నుంచి చివరి దాకా చదవడం, వారాంతాల్లో స్వాప్ మీట్లకు, అంటే పాత విడిభాగాల సంతలకు, పోవడం. మాకు దగ్గరలో ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్కులో వసంతంలోనూ శరదృతువులోనూ పెద్ద సంత జరిగేది. పెన్సిల్వేనియాలో కార్లైల్ సంతలు 1974 నుంచి ఉన్నాయి, అక్టోబరులో హెర్షీ సంత 1955 నుంచి ఉంది. హెర్షీలో చాక్లెట్ ఫీల్డ్ అని పిలిచే మైదానం ఉండేది, వానొస్తే బురదలో పాదాలు పైకి రావడమే కష్టమయ్యేది. తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకుని, అమ్మేవాళ్లు టార్పాలిన్లు విప్పుతుండగానే వరుసల వెంట తిరిగే మనుషులను అక్కడ చూశాను, తరువాత వాళ్లలో ఒకణ్ణయ్యాను. నా సంచిలో ఎప్పుడూ ఉండేవి ఒక చిన్న వైరు బ్రష్షు, పిడి ఉన్న అద్దం, కిరసనాయిలు తడిపిన గుడ్డ, సుద్దముక్క, అర అంగుళం స్పానరు.

బ్లాకు దొరికింది ఇంగ్లిష్‌టౌన్‌లో, ఒక పికప్ ట్రక్కు వెనక. అమ్మే మనిషి అది గెలాక్సీలోంచి తీసిన 289 అన్నాడే గాని, తేదీల గొడవ తనకు తెలియదన్నాడు. ఆ ఇంజన్లలో పోత నంబరు వెనక భాగాన కుడివైపు, సరిగ్గా సెల్ఫ్ మోటారు వెనక ఉంటుంది. సెల్ఫ్ మోటారు విప్పితే గాని కనిపించదు. విప్పుకుంటానని అడిగాను, సరేనన్నాడు. బోల్టులు రెండూ తీసి మోటారును పక్కన పెట్టగానే, దశాబ్దాల నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన నల్లటి పెచ్చు ఒకటి ఊడి ట్రక్కు రేకు మీద పడింది. కిరసనాయిలు గుడ్డతో నాననిచ్చి, వైరు బ్రష్షుతో రుద్ది, ఆరిన తరువాత సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని మెల్లగా రాశాను. ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల అంచులకు మాత్రమే సుద్ద అంటుకుని, సి6ఏఈ అన్నది ముందు తేలింది. ఆ దగ్గరలోనే చిన్న పలక ఆకారం, దాని రెండు కొసల్లో మరల తలల ముద్రలు, వాటి మధ్య 7 బి 9.

ఆ మరల తలల ముద్రలంటే నాకు ఎంతో ఇష్టం. పోత అచ్చులో తేదీ పలకను వేరుగా బిగించేవారు. తేదీ మారినప్పుడల్లా ఫౌండ్రీ పనివాడు ఆ మరలు విప్పి, అంకె మార్చి, మళ్లీ బిగించేవాడు. కరిగిన ఇనుము అచ్చులోకి పోసినప్పుడు అంకెలతో పాటు ఆ మరల తలలు కూడా ఇనుములో నిలిచిపోయాయి. 1967 ఫిబ్రవరి 9, గురువారం నాడు స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషి చేతి పని నా కళ్ల ముందు ఉంది. అక్కడి నుంచి మార్చి 21కి దాదాపు ఆరు వారాలు. పోత చల్లారి, యంత్రాల మీద చెక్కుడు పూర్తయి, ఇంజనుగా కూర్చి, పరీక్షించి, ఎడిసన్ చేర్చడానికి సరిపోయే వ్యవధి. ధర ఎంతన్నాడో కూడా నాకు రెండోసారి చెప్పించుకోవలసి వచ్చింది.

హెడ్లు మరికొంత కష్టపెట్టాయి. వాటి పోత తేదీ వాల్వ్ కవరు కింద ఉంటుంది, కవరు విప్పనివ్వని వాడి దగ్గర కొనడమంటే గుడ్డిగా కొనడమే. పైగా ఒకటి దొరికితే రెండోది దొరకదు. రెండు హెడ్ల తేదీలు ఒకటే కానక్కరలేదని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజన్లలోనే అవి వేరుగా ఉండేవని తెలిశాక కొంత ఊపిరి పీల్చుకున్నాను. చివరికి ఒకటి జనవరిది, ఒకటి ఫిబ్రవరిది కుదిరాయి. కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు గాలీ పెట్రోలూ పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు మాత్రం పైకి కనిపించే చోట తేదీ ఉన్న భాగం గనుక త్వరగానే దొరికింది.

కార్బ్యురేటర్ కథ వేరు. అది ఆటోలైట్ 2100 అనే రకం. దాని గుర్తింపు అంతా పై మూత మరల్లో ఒకదాని కింద బిగించిన చిన్న అల్యూమినియం బిళ్ల మీద ఉంటుంది: భాగం నంబరు, సంవత్సరం అంకె, నెల అక్షరం, ఆ నెలలో ఎన్నో వారమో చెప్పే అక్షరం. కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేసిన మొదటి మెకానిక్కే ఆ బిళ్లను చెత్తలో వేస్తాడు, ఎందుకంటే బండి నడవడానికి దానితో పని లేదు. అందువల్ల బిళ్లతో సహా మిగిలిన 2100 దొరకడమే గగనం. ఇప్పుడు కొత్త బిళ్లలు తయారుచేసి, మనం చెప్పిన తేదీ కొట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను అలాంటిది కొనలేదు. హెర్షీలో ఒక ముసలాయన పెద్ద రేకు డబ్బా నిండా కార్బ్యురేటర్ సామాను పెట్టుకుని కూర్చుంటే, ఆయన పక్కనే నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. బిళ్ల ఇంకా మర కిందే ఉన్న ఒక 2100 అడుగున కనిపించింది. 7, బి, ఏ. 1967 ఫిబ్రవరి మొదటి వారం. బిళ్ల ఒక మూల వంగి ఉంది, దాన్ని అలాగే ఉంచాను.

ఆ రోజుల్లోనే నాన్నగారూ అమ్మా వేసవికి వచ్చారు. ఆయన మొదటి రోజంతా కారు చుట్టూ తిరిగి, ఏమీ అనకుండా, రెండో రోజు అడిగారు: "ఏరా, ఆ 302 బాగానే తిరుగుతోందిగా, దాన్ని తీసి పక్కన పెట్టి ఈ పాతదానికి మళ్లీ బోరింగు చేయించడం ఎందుకు?" మార్టీ కాగితం చూపించాను, బ్లాకు మీది 7బి9 చూపించాను. ఆయన వేలితో ఆ అంకెలను తడిమి, "అంటే ఇది అప్పటి ముక్కేనన్నమాట" అన్నారు. "అవును నాన్నా, దీని మొదటి ఇంజను ఎటూ దొరకదు, కనీసం దాని ఈడుదైనా ఉండాలని" అన్నాను. ఆయన తల పంకించి బోరు గేజీ అడిగారు. సిలిండర్లన్నీ ఆయనే కొలిచారు. అమెరికాలో బోరింగు చేసే షాపు మనిషి ఆయన రాసిచ్చిన కొలతల చీటీని తన కొలతలతో పోల్చి చూసుకుని, షేక్ హ్యాండ్ ఇచ్చాడు.

ఆయన ఉన్నప్పుడే ఒక ఆల్టర్నేటర్ బేరానికి వచ్చింది. అల్యూమినియం తొడుగు మీద సరైన భాగం నంబరు, దాని కింద 1967 జనవరి తేదీ, రెండూ కొట్టి ఉన్నాయి. అమ్మే వ్యక్తి ఇంటికే తెచ్చి చూపించాడు, ధర కూడా ఆ తేదీకి తగ్గట్టే ఎక్కువ చెప్పాడు. నాకు అంతా బాగానే కనిపించింది. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, గోటి కొసతో అంకెల మీద అటూ ఇటూ గీరారు. తరువాత తెలుగులో నాతో, "నంబరు పాతది, తేదీ కొత్తది. పంచితో కొట్టినప్పుడు చుట్టూ లేచే అంచు ఏళ్లు గడిస్తే అరిగిపోతుంది. పై వరసలో అది లేదు, కింది వరసలో గోరు తగులుతోంది చూడు" అన్నారు. నేను గోటితో గీరి చూశాను, ఆయన చెప్పినట్టే ఉంది. ఆటోనగర్‌లో జీవితమంతా నంబరు పంచీలు కొట్టిన చేతికి అది తెలియడానికి క్షణం పట్టలేదు. ఆ మనిషికి మర్యాదగా వద్దని చెప్పి పంపేశాం. ఆ ఆల్టర్నేటర్ లోపల యంత్రంగా ఏ లోపమూ లేదు, పాత తేదీ అలాగే ఉండనిచ్చి అమ్మి ఉంటే ఎవరో ఒకరు సంతోషంగా కొనుక్కునేవారు.

దీని గురించి నా అభిప్రాయం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. రబ్బరు గొట్టాలు, బెల్టులు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గు తీగల వంటి అరిగిపోయే వస్తువులకు పాత రూపంలో కొత్తగా చేసినవి బిగించడంలో అభ్యంతరం లేదు, అవి అప్పుడు కూడా రెండు మూడేళ్లకొకసారి మార్చేవే. కానీ పోత భాగం మీది అసలు తేదీని అరగదీసి మరొకటి కొట్టడం ఒక దొంగతనం. కొన్నవాడి డబ్బు పోవడం అందులో చిన్న భాగం. ఆ భాగం తన సొంత చరిత్ర పోగొట్టుకుంటుంది, రేపు ఎవరైనా ఆ తేదీలను చూసి ఫ్యాక్టరీలు ఎలా నడిచాయో లెక్క కట్టాలనుకుంటే వాళ్ల లెక్క తప్పుతుంది. మస్టాంగుల పోటీల్లో, షెవ్రొలె కంపెనీ కొర్వెట్ల పోటీల్లో నిర్ణేతలు తేదీలకు మార్కులు పెట్టడం వల్ల ఎంతో జ్ఞానం పోగయింది, దాన్ని కాదనను. 1974లో మొదలైన కొర్వెట్ల సంఘం, 1976లో మొదలైన మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా లేకపోతే ఈ కోడ్‌లలో సగం మనకు అర్థమయ్యేవి కావు. అయితే మార్కుల కోసం కొట్టే పంచి దెబ్బలు కూడా ఆ పోటీల వెంటే వచ్చాయి.

మరొకటి కూడా నేను చేయనని అనుకున్నది ఉంది. హెడ్ల కోసం వెతుకుతున్నప్పుడు ఒకాయన ఫిబ్రవరి తేదీలున్న పూర్తి ఇంజను ఉందని కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే అది నడుస్తున్న ఫెయిర్‌లేన్‌లో ఉంది. నాలుగు తలుపుల మామూలు కారు, లేత నీలం రంగు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఇంజను నాకిచ్చి, మిగతా కారును తుక్కుకు వేస్తానన్నాడు. నాలుగు తలుపుల కార్లకు గిరాకీ లేదన్నది నిజమే. కానీ ఒక కారు పుట్టుకను సరిచేయడానికి, తన అన్ని భాగాలతో చెక్కుచెదరకుండా ఉన్న ఇంకో కారును చంపడం నాకు సమ్మతం కాలేదు. అది అలాగే అమ్ముడయ్యేలా చూడమని మా క్లబ్బులో నలుగురికీ చెప్పాను, ఒహాయో నుంచి వచ్చిన ఒక దంపతులు దాన్ని నడుపుకుంటూ తీసుకువెళ్లారు.

ముందు అద్దం మీద ఫోర్డ్ గాజు పేరైన కార్లైట్ ముద్రతో పాటు తేదీ కోడ్ ఉంటుంది, పగుళ్లు లేనిది దొరకడానికి చాలా కాలం పట్టింది. తలుపుల అద్దాలు, వెనక అద్దం కారుతో వచ్చినవే. హారన్లు, వైపరు మోటారు, చక్రాలు కూడా దాని పుట్టుకవే. వాటి మీది తేదీలన్నీ 1966 డిసెంబరు నుంచి 1967 మార్చి మొదటి వారం మధ్యలో ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ కార్లైల్‌లో జూన్ నెలలో జరిగే ఫోర్డ్ మేళాలో దొరికింది.

కారు మళ్లీ సిద్ధమై రోడ్డెక్కేనాటికి ఎడిసన్ ఫ్యాక్టరీ మూతపడింది. షెడ్లు కూల్చేశారు, ఇప్పుడు ఆ చోట షాపింగ్ కాంప్లెక్సు ఉంది. వీధి చివరి పెద్దాయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం రూట్ 1 మీద అటు తీసుకెళ్లాను. ఆయన ఖాళీ స్థలంలో వేలు చూపిస్తూ ఇక్కడ రంగు వేసేవారు, ఇక్కడ సీట్లు బిగించేవారు, ఇదిగో ఈ గేటులోంచి కార్లు బయటికి వచ్చేవి అని వరసగా చెప్పుకొచ్చారు. నేను నెమ్మదిగా నడుపుతూ అవన్నీ మనసులో గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి చిన్న పటం గీసుకున్నాను. ఆయన పోయాక ఆ పటం చూసి సరిచేసేవాళ్లు నాకు దొరకలేదు.

కారుతో పాటు ఒక నోటు పుస్తకం ఉంచాను. అందులో ప్రతి భాగానికీ ఒక వరస: భాగం పేరు, నంబరు, తేదీ కోడ్, అది ఈ కారుతోనే పుట్టిందా, బయటి నుంచి తెచ్చిందా, కొత్తగా తయారైనదా. బ్లాకు వరసలో "గెలాక్సీలోనిది, ఇంగ్లిష్‌టౌన్‌లో కొన్నది" అని స్పష్టంగా రాసి ఉంది. తేదీలు సరిపోయాయి గనుక అది ఈ కారు ఇంజనే అని నా తరువాతివాళ్లెవరూ అమ్ముకోకూడదని అలా రాశాను. మా అమ్మాయికి కోడ్ చదవడం నేర్పాను, ఇప్పుడు సంతలకు తనే అద్దం, సుద్దముక్క పట్టుకుని ముందు నడుస్తుంది. పుస్తకంలో ఇంకా ఖాళీగా ఉన్న వరసలు రెండు. ఒకటి వోల్టేజి రెగ్యులేటర్, దాని తేదీ సిరాతో కొట్టిన ముద్ర కావడం వల్ల చెరిగిపోకుండా మిగిలినవి బహు అరుదు. రెండోది కుడివైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డు. ఇప్పుడు బిగించి ఉన్నది 1967 మే నెలది, అంటే కారు కంటే వయసులో చిన్నది. జనవరి నుంచి మార్చి మొదటి వారం లోపు పోసినది, పగుళ్లు లేనిది, ఎవరి దగ్గరైనా ఉంటే కొంటాను.